ఆటపెట్టెలో బొమ్మ లేదు

అక్షరదోషాలకు, ఆలస్యానికి ముందుగానే మన్నించమని అడుగుతున్నాను. నేను అక్షరాలు పట్టుకున్నది అరవై అయిదో ఏట. ఖ, ఘ, ఛ, ఝ లాంటివి ఇంకా నా మాట వినవు. ఈ నాలుగు కాగితాలు రాయడానికి తొలకరి నుంచి కార్తీకం దాకా పట్టింది. మా చదువు టీచరు దమయంతి గారు తప్పులన్నీ దిద్దిపెట్టారు. ఒక్క మాట మాత్రం ముట్టుకోవద్దన్నాను. ఆ మాట "బొమ్మ". దాన్ని దిద్దాల్సిన రోజున గళ్ళు చాలలేదు. ఇప్పుడు దిద్దినా ఏం లాభం?

నలభై ఏళ్ళు జీడిబట్టీలో పిక్కలు కొట్టాను. జీడిపిక్క తొక్కలో ఉండే నూనె వేళ్ళ మీద గీతల్ని తినేస్తుంది. మా ఆయన ఉన్నన్నాళ్ళూ రేషను బియ్యానికి ఆయనే వెళ్ళేవాడు. ఆయన పోయాక నేను వెళ్ళి మిషను మీద బొటనవేలు పెడితే ప్రతినెలా ఒకటే జవాబు: "వేలిముద్ర పడలేదు." మనిషిని ఎదురుగా నిలబెట్టుకుని, ఈ మనిషి లేదని చెప్పే మిషను అది. వేలు చెప్పలేనిదాన్ని చెయ్యి రాసి చెప్పాలని పలక పట్టాను.

నా పేరు అప్పలనరసమ్మ. అందులో ప కింద ప ఉంది, మ కింద మ ఉంది. ఆ రెండు ఒత్తులు రావడానికే ఏడాది పట్టింది. వచ్చాక మాత్రం వాటిని వదల్లేదు. అమ్మ, కొమ్మ, నిమ్మ, బొమ్మ. ఇవి నేను కళ్ళు మూసుకుని రాయగలిగిన మాటలు. అందుకే కదా ఇంత జరిగింది.

మా వార్డులో మునిసిపాలిటీ వాళ్ళ వృద్ధుల పగటి విడిది ఉంది. పొద్దున్న తొమ్మిదికి తెరుస్తారు, సాయంత్రం అయిదుకు మూస్తారు. ఒక హాలు, పన్నెండు కుర్చీలు, ఒక టీవీ, ఒక పైడితల్లి. పైడితల్లి అక్కడ ఆయా. టీ కాస్తుంది, గది తుడుస్తుంది, లేవలేనివాళ్ళను రెక్క పట్టుకుని దొడ్డికి తీసుకెళ్తుంది. జూట్ మిల్లులో పనిచేసి మోకాళ్ళు పోగొట్టుకున్న తవిటినాయుడు రోజూ ఆమెను తిడతాడు. ఆమె లేకపోతే కుర్చీలోంచి లేవలేడు.

మొన్న వేసవిలో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. మాకు చదువు చెప్పడానికి అక్కడికే వచ్చే దమయంతి గారు చదివి వినిపించారు. "వార్ధక్యమందు చేతికిని కంటికిని సమన్వయము కొరవడుటచే పతనములు సంభవించుచున్నవి. వీడియో ఆటల ద్వారా సదరు సమన్వయమును పెంపొందించవలెను. ప్రతి వయోవృద్ధ లబ్ధిదారుడు దినమునకు నలభై నిమిషములు తప్పనిసరిగా ఆడవలెను." పథకం పేరు "చురుకు తాత – చలాకీ అవ్వ".

"పతనమంటే ఏటి?" అని అడిగాడు తవిటినాయుడు.

"పడిపోవడం," అన్నారు టీచరు.

"బాత్రూంలో నాచు గీకించమను. అది సాలు."

నాచు ఆ పథకంలో లేదు. ఆటపెట్టె వచ్చింది. టీవీకి తీగతో తగిలించారు. చేతిలో ఒక కర్రలాంటిది ఇచ్చారు. అది విసిరితే టీవీలో బంతి దొర్లి సీసాలను పడగొడుతుంది. ప్రారంభం రోజున తవిటినాయుడు విసిరిన విసురుకి బంతి దొర్లింది, పక్కనే ఉన్న ప్రత్యేకాధికారి గారి కళ్ళజోడు కూడా దొర్లింది. అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత ఫోటో తీయబోతే వెనక కట్టిన బ్యానరుకి టీవీ అడ్డం వచ్చింది. ఇద్దరు మనుషులు తీగలు పీకి, టీవీ పక్కకి జరిపి, ఫోటో తీసి, మళ్ళీ యథాస్థానంలో పెట్టి, తీగలు గుచ్చి వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి తెర నీలంగా ఉంది. మూలన రెండు ఇంగ్లీషు ముక్కలు, ఒక అంకె. ఇంకేమీ లేదు.

"బొమ్మ పోయిందోలమ్మ," అన్నాడు తవిటినాయుడు. మా వైపు సినిమా మొదలైతే బొమ్మ పడింది అంటాం, కరెంటు పోతే బొమ్మ పోయింది అంటాం. ఈ మాట తెలియనివాళ్ళు మా జిల్లాలో పాలు తాగే పిల్లలు, ప్రభుత్వ ఫైళ్ళు.

ఫిర్యాదు చెయ్యాలంటే దానికీ ఒక నియమం ఉంది. లబ్ధిదారుడే స్వహస్తాలతో రాయాలి. టీచరు రాయకూడదు, ఆయా రాయకూడదు. పన్నెండు మందిలో చేత్తో రాయగలిగినదాన్ని నేనొక్కతినే. మిగతా పదకొండు కుర్చీలూ నా వైపు తిరిగాయి. పైడితల్లి బల్ల తుడిచి, నాకు పెన్ను తెచ్చి పెట్టి, "రాయి అప్పా, నీ సేత్తో గవర్మెంటుకి రాయి," అంది. మా వైపు అక్కని అప్పా అంటారు. నా పెళ్ళికి కూడా నన్నంత గౌరవంగా కూచోబెట్టలేదు.

ఫారంలో "ఫిర్యాదు సారాంశం" అని ఉంది. దాని పక్కన గళ్ళు. గడికొక అక్షరం, మాటకీ మాటకీ నడుమ ఒక ఖాళీ గడి. మొత్తం పన్నెండు గళ్ళు.

"దృశ్యం అని రాద్దామా?" అన్నారు దమయంతి గారు. ద కింద ఆ కొక్కెం, శ కింద ఆ య, నా వల్ల కాదన్నాను. "పోనీ చిత్రం?" త కింద ర కూడా నాకప్పటికి కుదరలేదు. బొమ్మ అయితే నా చేతిలో పని. "ఆటపెట్టెలో బొమ్మ పడటం లేదు" అని రాయాలనుకున్నాను. లెక్కపెడితే గళ్ళు చాలవు. పడటం అనే మాట తీసేశాను. "ఆటపెట్టెలో బొమ్మ లేదు". పదకొండు గళ్ళకు సరిపోయింది. మిగిలిన గడిలో చుక్క పెట్టాను. ప్రభుత్వానికి నేను రాసిన మొదటి వాక్యం అది.

పది రోజులకు జవాబు వచ్చింది. విషయం: ఆటపెట్టెకు సంబంధించిన బొమ్మ అదృశ్యమగుట – విచారణ గురించి.

విచారణాధికారి గౌరీపతి గారు మర్నాడు వచ్చారు. తెల్ల చొక్కా, చంకలో ఫైలు. మనిషి నెమ్మదైనవాడే. హాలు మధ్యలో బల్ల వేయించుకుని పైడితల్లిని పిలిచారు.

"ఆటపెట్టె తాలూకు బొమ్మ సంగతి నీకు తెలుసునా?"

"తెల్దా మరి బాబూ! మొన్నటిదాకా బావుండీది."

గౌరీపతి గారు రాసుకున్నారు. "బొమ్మ ఉండినట్లు అంగీకరించినది. ఎప్పటినుంచి కనబడుట లేదు?"

"పోటోలు తీసినారు కదా, ఆ మర్నాటి నుంచి బాబూ."

"ఎలా ఉండేది?"

"రంగురంగులుగా ఉండీది. ఎరుపు, పసుపు. గెంతీది కూడాను."

"గెంతేదా?"

"ఎగిరెగిరి గెంతీది. తవిటినాయుడు మావయ్య సెయ్యి ఊపితే ఇంకా గెంతీది."

"పరిమాణం?"

పైడితల్లి రెండు చేతులూ బార్లా చాచి, "టీవీ అంత," అంది.

"ఆ రోజు ఆఖరున దాని దగ్గర ఉన్నది ఎవరు?"

"నానే బాబూ. నానే తుడిసి, తలుపేసి ఎల్లిపోనాను."

గౌరీపతి గారు కళ్ళజోడు తీసి, కాగితం ఆమె వైపు తిప్పి సంతకం చెయ్యమన్నారు. పైడితల్లి వేలిముద్ర వేసింది. చక్కగా పడింది. ఆమె ఎప్పుడూ జీడిబట్టీలో పని చెయ్యలేదు.

అప్పుడు నాకర్థమైంది. లేచి వెళ్ళి, "బాబూ, బొమ్మంటే ఆడుకునే బొమ్మ కాదు. టీవీలో పడే బొమ్మ. ఆ రాసింది నానే," అన్నాను.

ఆయన నా వైపు జాలిగా చూశారు. "అమ్మా, టీవీ ఫిర్యాదులు విద్యుత్ పరికరాల విభాగానివి. మీ ఫిర్యాదులో టీవీ అనే మాటే లేదు. ఆటపెట్టె ఉంది, బొమ్మ ఉంది, లేదు అని ఉంది. చివర చుక్క కూడా ఉంది."

"ఖాళీ గడి మిగిలితే పెట్టినాను."

"చుక్క పెట్టారంటే విషయం అంతటితో పూర్తి అయిందని అర్థం." లేస్తూ గొంతు తగ్గించి ఇంకో మాట అన్నారు. "నాకర్థమైందమ్మా. ఫైలుకి అర్థం కాదు."

సాయంత్రానికి కాగితం వచ్చింది. బొమ్మ స్వాధీనమగు వరకు పైడితల్లిని విధులకు దూరంగా ఉంచడమైనది. ఆమె మునిసిపాలిటీ మనిషి కాదు, కాంట్రాక్టు మీద మనుషుల్ని పంపే ఏజెన్సీ మనిషి. ముప్పై రోజులు హాజరుపట్టీలో పేరు లేకపోతే ఏజెన్సీ వాళ్ళు ఆ పేరు కొట్టేసి ఇంకొకరిని పెట్టుకుంటారు. అది అందరికీ తెలుసు. ఆ ముప్పై రోజుల్లో మొదటిది ఆ రోజే మొదలైంది.

పైడితల్లి చీపురు మూలన పెట్టి, "నాను బొమ్మ ఎత్తుకెల్లిపోనానట అప్పా," అని నవ్వబోయి, నవ్వలేక పమిట కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు తవిటినాయుడిని కుర్చీలోంచి లేపడానికి మేము నలుగురం పట్టాం. లేచాక ఆయన నా మొహం చూసి, "నీకు సదువెవరు సెప్పమన్నారే?" అన్నాడు.

అయిదో రోజున ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని ఆఫీసుకు వెళ్ళాను. కిటికీ వెనక గుమాస్తా వివరించాడు. ప్రభుత్వ వస్తువు పోయిందని చెప్పినవాళ్ళు, పోలేదని మళ్ళీ చెబితే, పోయినదాంట్లో వాళ్ళకూ భాగం ఉందని అనుమానించాలని నిబంధన.

"పోనీ రాసింది తప్పు, సరిగ్గా మళ్ళీ రాస్తాను. కొత్త ఫారం ఇయ్యండి."

"ఒక బొమ్మకు ఒక ఫారమే."

"బొమ్మంటే టీవీలోది బాబూ."

"ఆ సంగతి తేల్చడానికే ఉపసంఘం వేశారు," అన్నాడు గుమాస్తా గర్వంగా.

నిజంగానే వేశారు. దాని పేరు "బొమ్మ అర్థ నిర్ధారణ ఉపసంఘం". అందులో రిటైరైన తెలుగు పండితుడొకాయన ఉన్నారు. ఆయన వారం రోజులు నిఘంటువులు తిరగేసి నివేదిక ఇచ్చారు. బ్రహ్మ అనే మాటకు వికృతి బొమ్మ. కాబట్టి "ఆటపెట్టెలో బొమ్మ లేదు" అంటే సృష్టికర్త విగ్రహం కనబడటం లేదని కూడా అర్థం చెప్పవచ్చు. ఆ నివేదిక చూసి ఉపసంఘం లేచి నిలబడి ఫైలును దేవాదాయ శాఖకు పంపింది. దేవాదాయ శాఖ వాళ్ళు ఎంతో మర్యాదగా తిప్పి పంపారు: "సదరు దేవునికి గుళ్ళును, నిత్యపూజలును లేనందున ఈ నష్టము మా పరిధిలోనికి రాదు."

నివేదికకీ, ఫైలు వెళ్ళి రావడానికీ కలిపి పట్టిన రోజులు పన్నెండు. వాటిని పైడితల్లి రోజుల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు.

పంతొమ్మిదో రోజున నేను టీవీ వెనక్కి వెళ్ళాను. చదువు వచ్చాక నాకొక జబ్బు పట్టుకుంది. ఎక్కడ ఏ రాత కనిపించినా కూడబలుక్కుంటాను. బస్సు మీద అంకెలు, మందుల డబ్బాలు, కరెంటు స్తంభాలు, ఏదీ వదలను. టీవీ వెనక రెండు కన్నాలున్నాయి. ఒకదాని కింద 1, ఇంకోదాని కింద 2. ఆటపెట్టె తీగ రెండో కన్నంలో ఉంది. ముందుకొచ్చి తెర మూలన చూశాను. ఇంగ్లీషు ముక్కలు నాకు రావు గాని వాటి పక్కనున్న అంకె వచ్చు. 1.

ఇది చదువుకున్నవాళ్ళకు తెలిసే సంగతి కాదేమో. మా లాంటివాళ్ళం ఇంకా ప్రతి అక్షరాన్నీ పక్కదానితో పోల్చి చూసుకుంటాం. తెర ఒకటి అంటోంది. తీగ రెండు అంటోంది. ఫోటో తీసిన రోజున తీగ పీకినవాళ్ళు ఒక కన్నంలోది ఇంకో కన్నంలో గుచ్చారు. అంతే సంగతి. తీగ లాగి ఒకటో కన్నంలో పెట్టాను.

"బొమ్మ పడిందోలమ్మ!" అని తవిటినాయుడు తనంతట తనే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ పథకం వల్ల ఒక వృద్ధుడికి కలిగిన ఏకైక మేలు అది. ఎవరూ ఫోటో తియ్యలేదు.

దమయంతి గారు వెంటనే ఆఫీసుకు ఫోను చేసి "బొమ్మ వచ్చింది" అని చెప్పారు. గౌరీపతి గారు ఆటో కట్టించుకుని పరుగున వచ్చారు. వెంట పంచనామాకి ఇద్దరు.

"ఏదీ?"

తెర చూపించాం. ఎర్ర బంతి, పసుపు సీసాలు గెంతుతున్నాయి.

ఆయన చాలాసేపు చూశారు. ఆయనకూ సంతోషంగానే ఉన్నట్టుంది, ఒక సీసా పడినప్పుడు "అబ్బో" అన్నారు. తర్వాత ఫైలు తెరిచారు. "ఇది దృశ్యం. దృశ్యం లేదని ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆ తీగ ఎవరు మార్చారు?"

"నానే."

"విచారణలో ఉన్న వస్తువును కదిలించడం నేరం అమ్మా. మొదట ఎక్కడుంది?"

"రెండో కన్నంలో."

ఆయన తనే వంగి తీగను రెండో కన్నంలోకి మార్చి, దాని మీద కాగితం అంటించి, లక్క వేసి ముద్ర కొట్టారు. యథాస్థితి కాపాడబడినది అని రాసుకున్నారు. తెర మళ్ళీ నీలంగా అయింది. ఆ విధంగా, పొరపాటున పోయిన బొమ్మ ఈసారి ఉత్తర్వు ప్రకారం పోయింది.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగారు. "ఇంకా పదకొండు రోజులుంది కదమ్మా. బొమ్మ దొరికితే బావుండును," అన్నారు. "బొమ్మ" అనే మాటను నొక్కి అన్నారు.

ఆయన వెళ్ళాక తవిటినాయుడు నా వైపు చూశాడు. "ఆలకి బొమ్మే గావాల. బొమ్మ ఇచ్చీదాం. నీ పాత కోక ఒకటి తే."

ఏ బొమ్మ పడితే ఆ బొమ్మ పనికిరాదు. వాంగ్మూలం ప్రకారం ఎరుపు, పసుపు ఉండాలి. టీవీ అంత ఉండాలి. గెంతాలి. నా ఎర్ర కోక చించాను. టీచరు గారు పసుపు జాకెట్టు గుడ్డ తెచ్చారు. లోపల బూరుగు దూది, పాత దుప్పటి పేలికలు కూరాం. జుట్టుకు తవిటినాయుడు గోగునార దువ్వి జడ వేశాడు. నలభై ఏళ్ళు మిల్లులో ఆ నారే దువ్వినవాడు, అది మాత్రం ముద్దుగా వేశాడు. కళ్ళకు రెండు జీడిపిక్కలు. గెంతడానికి సైకిలు ట్యూబు కోసి నడుముకు కట్టి పైన ఫ్యాను కొక్కేనికి వేలాడదీశాం. వారం పట్టింది.

పైడితల్లిని పిలిపించాం. గుమ్మంలో నిలబడి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నాను ఎత్తుకెల్లిన బొమ్మ ఇదేనేటప్పా?"

"ఇదే."

"బావుంది," అంది. దగ్గరకొచ్చి జడ సవరించింది. "కానీ నాను ఎలగెత్తుకెల్లగలిగీనో ఆలోసించినారేటి? నాకంటే పెద్దగుంది."

ఇరవై ఎనిమిదో రోజున గౌరీపతి గారు టేపు పట్టుకుని వచ్చారు. టీవీ కొలిచారు, బొమ్మను కొలిచారు. రంగులు సరిచూశారు.

"గెంతించండి."

తవిటినాయుడు చెయ్యి ఊపాడు. నేను చాటుగా తాడు లాగాను. బొమ్మ గెంతింది. రెండుసార్లు గెంతి, మూడోసారి పంచనామా వాళ్ళలో ఒకడి నెత్తిన కూచుంది.

"సరిపోలినది," అన్నారు గౌరీపతి గారు. ఆయనకు నవ్వు పెదాల దాకా వచ్చింది గాని నవ్వలేదు. ఉద్యోగస్థుడు. ఎక్కడ దొరికింది అని అడగలేదు. దొరికిందా లేదా అన్నదే ఫారంలో ఉంది.

పైడితల్లి పేరు మళ్ళీ హాజరుపట్టీ ఎక్కింది. రెండు రోజులు మిగిలాయి. బొమ్మను ఆటపెట్టెకు అనుబంధంగా, దాని ముందు, కదలకుండా కట్టి ఉంచాలని ఉత్తర్వు. బొమ్మ టీవీ అంత ఉంది కాబట్టి తెర మొత్తం మూసుకుపోయింది. తాతలు, అవ్వలు రోజుకు నలభై నిమిషాలు బొమ్మతో ఆడి ఫోటో పంపాలి.

చివరికి నా పని ఒకటి మిగిలింది. "నా ఫిర్యాదు పరిష్కరింపబడినది. పూర్తి తృప్తి చెందితిని" అని అచ్చువేసిన కాగితం నా ముందు పెట్టి గౌరీపతి గారు పెన్ను మూత తీసి ఇచ్చారు.

నేను పెన్ను బల్ల మీద పెట్టి, సిరా దిండు మీద బొటనవేలు అద్ది, కాగితం మీద వేశాను.

"అదేమిటమ్మా, మీకు రాయడం వచ్చుగా?"

"వచ్చు బాబూ. అందుకే."

ఆయన కాగితం వెలుతురుకి ఎత్తి చూశారు. గీతలేమీ లేవు. ఒక నల్లటి మచ్చ. ఏ ఉపసంఘమూ దానికి అర్థం చెప్పలేదు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. మా విడిదిలో బొమ్మ దొరకడం పైవాళ్ళకు బాగా నచ్చింది. పోయిన నెలలో మిగతా విడుదులన్నిటికీ ఉత్తర్వు వెళ్ళింది. ఫలానా కేంద్రమందు ఆటపెట్టెతో పాటు బొమ్మ ఉన్నట్లు నిర్ధారణ అయినందున, మీ కేంద్రమందలి బొమ్మ ఎక్కడ? ముప్పై రోజుల్లో చూపించాలి. ఆ విడుదులన్నిటిలోనూ ఒక్కొక్క ఆయా ఉంది.

కాబట్టి చదువు పాఠం కాగానే అందరం సూదులు పట్టుకుంటున్నాం. పైడితల్లి గుడ్డ కత్తిరిస్తుంది, తవిటినాయుడు జడలు వేస్తాడు. ఇప్పటికి పదకొండు బొమ్మలయ్యాయి.

"ఆ రోజే సిత్రం అని రాసుంటే ఇదంతా లేకపోను కదప్పా," అంది నిన్న పైడితల్లి.

"ఇంకా నయం," అన్నాడు తవిటినాయుడు. "ఆటపెట్టెలో సిత్రం లేదు అని రాస్తే, సిత్రమేటీ లేదట, అంతా సక్రమంగానే ఉందట అని ఫైలు మూసీదురు."

నేను మాత్రం త కింద ర నేర్చుకున్నాను. ద కింద కొక్కెం కూడా నేర్చుకున్నాను. ఫైలు మూసిన మర్నాడు లక్కముద్ర దానంతటదే ఊడిపోతే తీగను ఒకటో కన్నంలోకి మార్చాను. బొమ్మ పడింది. బొమ్మ వెనకాల పడుతోంది. చెవి పెట్టి వింటే సీసాలు దొర్లే చప్పుడు వినబడుతుంది.

ఆ తృప్తి కాగితం మీద వేలు పెట్టాను. ఇక్కడ గళ్ళు లేవు కాబట్టి పేరు పూర్తిగా రాస్తున్నాను.

యాగాటి అప్పలనరసమ్మ,
అరవై ఎనిమిదేళ్ళు,
జీడిబట్టీ వెనక వీధి, మూడో ఇల్లు.